ఏడో తెప్ప మీద నొప్పి లేదు

నమోదు 1
ఆటు. గాలి లేదు.

ఈ తెప్ప మీద హాజరు ఎలా వేస్తారో ముందు రాసుకోవాలి. సూపర్‌వైజర్ జోగారావు గారు పేరు పిలుస్తారు. పిలిపించుకున్న మనిషి "నొప్పి లేదు" అంటుంది. ఇక్కడ హాజరంటే అదే. కనకం, నొప్పి లేదు. వరహాలు, నొప్పి లేదు. లోవ, నొప్పి లేదు. నలభై మంది ఆడవాళ్ళు వరసగా ఆ మాట చెప్పి నీళ్ళవైపు మెట్లు దిగిపోతారు. చివరి మనిషి చెప్పేసరికి మొదటి మనిషి తాడు లాగడం మొదలుపెట్టి ఉంటుంది. కాన్వెంటులో మా పొద్దుటి ప్రార్థన ఇలాగే ఉండేది. పెదవులు ప్రార్థన చెప్పేవి, కాళ్ళు క్లాసువైపు నడిచేవి.

తెప్ప మీది షెడ్డు వెనక గోడ మీద బోర్డు ఉంది. "ఏడో తెప్ప. గాయాలు: సున్న." మిగతా బోర్డులన్నీ సుద్దతో రాస్తారు. ఆ సున్న మాత్రం రంగుతో వేశారు.

నేను చదివింది ఎర్గోనమిక్స్. మనిషిని పనికి కాదు, పనిని మనిషికి అమర్చాలని మా మొదటి పుస్తకంలో మొదటి వాక్యం. ఇక్కడికి వచ్చిన కొత్త పరికరం ఎలా పనిచేస్తోందో చూసి, అప్పుడప్పుడు నాలుగు మాటలు రాయమని కంపెనీ నన్ను పంపింది. నేను నడిచి వెళ్తుంటే ఎవరో ఒకరు "నడుం మేడం ఒత్తంది, నిటారుగా నిలబడండే" అంటారు. అందరూ నవ్వుతారు. నేను నీళ్ళవైపు చూస్తాను.

నీళ్ళలో, ఆటు బాగా తగ్గినప్పుడు, మునిగిపోయిన పాత ఊరి మేడల పిట్టగోడలు కనిపిస్తాయి. వాటికి అవతల పాచి పట్టిన గంటస్తంభం మా కాన్వెంటుది.

నమోదు 2
ఆటు. ఎండ.

పని ఇది. సముద్రంలో వరసలుగా కట్టిన తాళ్ళ మీద నాచు పెరుగుతుంది. ఆటు సమయంలో తాళ్ళు తేలతాయి. తడి తాడును లాగి, భుజాన వేసుకుని, మెట్లెక్కి, పైన కొక్కానికి తగిలించాలి. ఆరిన నాచు పిండి అవుతుంది. కొండమీది కాలనీల్లో అందరూ తినేది అదే.

కొక్కేలు చాలా ఎత్తులో ఉన్నాయి. తెప్ప కట్టినవాళ్ళు తమ ఎత్తుకు కట్టుకున్నారు. వాళ్ళు మగవాళ్ళు. అప్పట్లో భుజాలు పోయిన ఆడవాళ్ళు చాలామంది ఉండేవారట. కొక్కేలు దించడానికి బదులు కంపెనీ పరికరం తెచ్చింది.

దానికి కాగితాల మీద పెద్ద పేరు ఉంది. వీళ్ళు "తోడు" అంటారు. వీపుకీ మెడకీ రెండు చేతుల పొడవునా కట్టుకునే నల్లటి అల్లిక. తప్పుగా వంగితే బిగుసుకుని ఆపుతుంది. సరిగ్గా వంగితే బరువు తను మోస్తుంది. సరి ఏది, తప్పు ఏది అన్నది దానికి ఒక మనిషిని చూపించి నేర్పారు. ఆ మనిషి బంగారమ్మ. ఏళ్ళ తరబడి ఒక్కసారైనా నొప్పి ఉందని చెప్పని మనిషి ఆవిడేనట. కొలతలు తీసుకునేవాళ్ళు వచ్చి ఎవరిని చూడమంటారంటే జోగారావు గారు ఆలోచించకుండా ఆవిణ్ణి చూపించారు. పోయిన తుపానులో, తెప్పనుంచి పడవలోకి ఎక్కే నిచ్చెన మీద, అల కొట్టి ఆవిడ పోయింది. ఆవిడ కూతురే లోవ.

తోడుకి నేర్పడానికి తీసిన బంగారమ్మ కదలికల వీడియో ఈరోజు చూశాను. ఒక మెట్టు ఎక్కువ ఎక్కుతుంది. తుంటి తిప్పుతుంది. ఎడమచేత్తో తాడు మడతను కిందనుంచే కొక్కెం మీదికి విసురుతుంది. చెయ్యి భుజం ఎత్తు దాటదు. కుడిచెయ్యి అయితే ఒక్కసారి కూడా దాటలేదు. భుజం దాటి చెయ్యి ఎత్తకూడదని మా పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాల్లో బొమ్మ గీసి పెట్టినట్టుంది ఆవిడ. మళ్ళీ మళ్ళీ చూశాను.

నమోదు 3
ఆటు. మబ్బు.

ఈ రోజు తెప్ప అంచు మీద వెనకగా నిలబడి చూశాను. మెట్ల మీద ఉన్న ఆడవాళ్ళు పొడుగువాళ్ళు, పొట్టివాళ్ళు, లావువాళ్ళు. అయినా వెనకనుంచి చూస్తే ఒకే మనిషి. ఒకే మనిషిని నలభై సార్లు నిలబెట్టినట్టు. ఎడమభుజం కొంచెం కిందికి. ఎడమ బొటనవేలితో కొంగు బొడ్లో దోపుకోవడం. మూడో మెట్టు మీద ఆగడం. ఆగి, ఎడమవైపు నీళ్ళకేసి ఒక్కసారి తల తిప్పి చూడడం. తరవాత ఎక్కడం.

ఆ ఎడమవైపు ఏమీ లేదు. ఒక తాడు వరస ఉంది. దాని దగ్గర లోవ ఒక్కతే పనిచేస్తోంది.

విశ్రాంతి సమయంలో తోడు విప్పి మేకులకు తగిలించి టీ తాగారు. అప్పుడు కూడా కొంగు అలాగే దోపుకున్నారు. లేచేముందు ఎడమవైపు చూశారు. ఈమధ్యే వచ్చిన అమ్మాయిలు కూడా. వాళ్ళు బంగారమ్మను చూసి ఎరగరు.

కనకాన్ని అడిగాను. కనకం బంగారమ్మకి ఈడుది, స్నేహితురాలు, నోరున్న మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. బంగారమ్మకి పిల్ల ఎక్కడుందో చూసుకోనిదే కాలు పైకి వచ్చేది కాదట. లోవ ఎప్పుడూ ఆ వరసలోనే పనిచేసేదట.

"మొదట్లో బయమేసింది. పూనకం కావోలనుకున్నాం. వరహాలు కొబ్బరికాయ కూడా కొట్టింది," అంది కనకం. "ఇప్పుడు అలవాటైపోయింది. మా బంగారికి పానం ఉన్నప్పుడు ఒక్క ఒళ్ళే. ఇప్పుడు సూడు, ఎన్నొళ్ళో."

నవ్వింది. నవ్వి, ఎడమవైపు చూసింది.

నమోదు 4
పోటు. వాన.

పోటు సమయంలో తాళ్ళు మునిగిపోతాయి, పని ఆగుతుంది. అందరూ షెడ్డులో కూర్చుంటారు. నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను. చదవలేదు.

చూస్తుంటే ఒక విషయం తట్టింది. ఎవరికీ జడ లేదు.

నేను వచ్చిన కొత్తలో ఉండేవి. నున్నగా దువ్విన జడలు, జడ కొసన రబ్బరు బ్యాండ్లు. ఇప్పుడు అందరివీ మెడ మీద వేలాడే వదులు ముళ్ళు. కొందరివి అదీ సరిగ్గా లేదు. వరహాలు ఇంకో మనిషి ముందు కూర్చుని జుట్టు దువ్వించుకుంటోంది. దువ్వే మనిషి కుడిచేత్తో దువ్వుతోంది. ఎడమచెయ్యి ఒడిలో ఉంది, చంటిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు.

జడ వేసుకోవాలంటే రెండు చేతులూ తల వెనక్కి వెళ్ళాలి.

నా సామాను పెట్టెలోంచి చేతి కొలబద్ద తీసుకుని వెళ్ళి, ఎడమచెయ్యి ఎంతవరకు లేస్తుందో చూపించమని వరహాలుని అడిగాను. నవ్వేసింది. మరొకామెను అడిగాను. తనకి పని ఉందంది. వానలో ఏం పని? ఎవరూ చెయ్యి ఎత్తలేదు. నేనూ బలవంతం చేసే మనిషిని కాను.

నమోదు 5
ఆటు. వాన తగ్గింది.

ఎందుకు చెప్పరో ఈ రోజు తెలిసింది. నాకు తెలిసి ఉండాల్సింది.

నొప్పి ఉందని చెప్పిన మనిషికి విశ్రాంతి ఇస్తారు. విశ్రాంతి అంటే పైకొండ కాలనీ. అక్కడ అన్నం పెడతారు, మందులిస్తారు, పని ఉండదు. సముద్రంలోకి దిగనిచ్చే కార్డు తీసేసుకుంటారు. ఒకసారి పైకెక్కిన మనిషి తెప్ప మీదికి దిగి రావడానికి వీల్లేదు. ఇక్కడ పని చేసే పిల్లలు ఇక్కడే, అక్కడికి పోయిన తల్లి అక్కడే. మంచికే పెట్టారు ఈ నియమం. దెబ్బతిన్నవాళ్ళచేత పని చేయించకూడదని.

జోగారావు గారి దగ్గరికి వెళ్ళి కొక్కేలు దించమన్నాను. ఆయన చెడ్డవారు కాదు. నన్ను కూర్చోమని తన టీలో సగం గ్లాసులో పోసి ఇచ్చారు. కొక్కేలు దించాలంటే కారణం కావాలన్నారు. కారణం అంటే నొప్పి. నొప్పి ఉందని ఎవరైనా హాజరులో చెప్పాలి. చెప్పినవాళ్ళ పేరు పైకొండకి వెళ్తుంది. ఆయన చేతుల్లో లేదు.

"ఎవరూ సెప్పలేదు కదమ్మా," అన్నారు. "సెప్పని నొప్పిని నేనెలా రాస్తాను?"

ఆయన వెనక బోర్డు మీద సున్న గుండ్రంగా, నిండుగా ఉంది.

నమోదు 6
ఆటు. ఎండ.

తోడు మోసే బరువుల లెక్క తీసి చూశాను. ప్రతి తాడూ, ప్రతి మనిషి దగ్గరా, ఎడమభుజం మీదే పడుతోంది. కుడివైపు దాదాపు ఏమీ లేదు. కుడిచెయ్యి తాడు మీద ఉంటుంది, అంతే. శవం మోసేవాళ్ళ పక్కన ఊరికే నడిచే మనిషిలా.

ఇక్కడ అందరిదీ కుడిచేతి వాటం. కుడిచేత్తో లాగబోతే తోడు బిగుసుకుంటుంది. తప్పు అంటుంది. కుడిచెయ్యి భుజం దాటబోతే పట్టి ఆపుతుంది. భద్రత అని నేను సంతోషించింది అదే.

బంగారమ్మది ఎడమచేతి వాటమా అని లోవను అడిగాను. లోవ ఎక్కువ మాట్లాడదు. కాదంది. అమ్మ అన్నం తిన్నా, ముగ్గు పెట్టినా, తనను కొట్టినా కుడిచేత్తోనే అంది.

అలాంటి మనిషి బరువు ఎడమవైపుకి ఎందుకు మార్చుకుంటుంది?

సమాధానం తెలుస్తూనే ఉంది. దాన్ని లోవతో అనలేకపోయాను. వేరే మాట చెప్పాను. తోడులో ఉన్న కదలిక అందరి భుజాలూ పాడుచేస్తోందని, దాన్ని చెరిపేసి ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి కొత్తగా నేర్పించాలని.

లోవ తాడు మీది నాచు పీకింది.

"మూడో మెట్టు మీద ఆగి అందరూ నన్ను సూత్తారు మేడం," అంది. "అమ్మ పోయాక ఈ వరసే మళ్ళీ అడిగి తీసుకున్నాను. మా అమ్మ సూసినట్టే సూత్తారు. కనకత్త కళ్ళు కనకత్తవే. సూపు మటుకు అమ్మది."

కొన్నాళ్ళు ఆగమంది. వచ్చే అమావాస్య పోటు దాకా. నేను సరేనన్నాను. సరేనని ఎందుకన్నానో ఇక్కడ రాయడానికి కారణం వెతికాను. దొరకలేదు.

నమోదు 7
ఆటు. పడమటి గాలి.

ఈ రోజు నేను కూడా తోడు కట్టుకున్నాను. కొలతల కోసం అని చెప్పాను.

కట్టుకోగానే వెచ్చగా ఉంది. ఎవరో వెనకనుంచి వచ్చి రెండు చేతులూ నా చేతుల మీద పెట్టినట్టు. కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా బెంచీల మధ్య నడుస్తూ మా వీపులకి స్కేలు ఆనించేవారు. స్కేలుకీ వీపుకీ మధ్య సందు కనపడకూడదు. నిటారుగా కూర్చున్నందుకు నాకొకసారి బొమ్మల బైబిలు బహుమతిగా ఇచ్చారు. ఆ బహుమతి అందుకోవడానికి లేచినప్పుడు నడుము పట్టేసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషం అనుకున్నారు.

ఒక తాడు ఎత్తాను. మూడో మెట్టు మీద నా కాళ్ళు ఆగాయి. నేను ఆపలేదు. తల ఎడమవైపు తిరిగింది. నీళ్ళలో నడుందాకా దిగి లోవ నిలబడి ఉంది, నావైపే చూస్తూ. దాన్ని చూడగానే నా ఛాతీలో ఏదో కుదుటపడింది. పిల్ల ఉంది. ఇక ఎక్కవచ్చు.

ఆ ఊరట నాది కాదు. నాకు పిల్లలు లేరు.

తోడు విప్పాక చేతులు చల్లబడ్డాయి. తరవాత కొంగు దోపుకున్నాను. ఏ చేత్తో అని చూసుకోలేదు.

నమోదు 8
ఆటు. పడమటి గాలి ఎక్కువైంది.

కనకం పడింది.

విసరబోయిన తాడు మడత కొక్కాన్ని అందలేదు. ఎడమచెయ్యి సగంలో ఆగిపోయింది. తడి తాడు మొత్తం జారి ఆమె మీద పడి, మెట్ల మీదనుంచి కిందికి తోసింది. అందరికంటే ముందు నేను వెళ్ళాను. ఎడమచెయ్యి భుజం దగ్గర గూడు తప్పి వేలాడుతోంది. నేను ముట్టుకోగానే ముఖం తెల్లబడింది.

జోగారావు గారు పరుగెత్తుకొచ్చి ఏమైందన్నారు.

"కాలు జారింది బాబూ," అంది కనకం. "నాచు మీద కాలెడితే జారదేటి."

నొప్పి ఉందా అని ఆయన అడిగారు. ఆయన గొంతు బతిమాలుతున్నట్టుంది. ఏ జవాబు కోసం బతిమాలుతున్నారో నాకు తెలియలేదు.

"నొప్పి లేదు," అంది కనకం. పళ్ళు బిగించి, చెమటలు కారుతూ, హాజరులో చెప్పినట్టే చెప్పింది.

నేనూ వరహాలూ కలిసి భుజం గూట్లో పెట్టి గుడ్డతో కట్టాం. కనకం అరవలేదు. కట్టు ముడి వేస్తుంటే నా చెవిలో అంది, తన కొడుకు ఆరో తెప్ప మీద ఉన్నాడు, వాడు పడవ మీద ఈ పక్కగా పోయినప్పుడల్లా చెయ్యి ఊపుతాడు, అది చాలు అని.

ఈ దెబ్బ నేను ఆగినందువల్ల తగిలింది. లోవ కూడా అక్కడే నిలబడి చూసింది.

నమోదు 9
పోటు. గాలి తగ్గింది.

లోవ నా గదికి వచ్చింది. మధ్యాహ్నం పోటు, తాళ్ళు మునిగిపోయాయి. చేతిలో తన తోడు ఉంది. గుమ్మంలోనే నిలబడింది. జుట్టు విడిపోయి ముఖం మీద పడుతోంది. తన ఎడమచెయ్యి కూడా లేవడం లేదని అప్పుడు చూశాను.

నేను దువ్వెన తీశాను. కూర్చోమన్నాను. కూర్చుంది. నేను ఎవరికీ జడ వేసి ఎరగను. మూడు పాయలు తీసి మొదలుపెట్టాను. ముఖం ఎదురుగా లేకపోతే అడగడం సులువు.

"మీ అమ్మగారి జడ ఎవరు వేసేవారు?"

"నేనే ఏసీదాన్ని. రోజూ. పొద్దున్నే నా ముందు కూకుని దువ్వెన ఇచ్చీది. నీ సెయ్యి పడితేనే నాకు బాగుంటాది అనీది. ముద్దుకి అనుకు..."

అక్కడ ఆగిపోయింది. నా చేతుల్లో ఉన్న తల కదలకుండా అయిపోయింది.

తరవాత తనే చెప్పింది. నేను అడగలేదు.

తుపాను రోజు పొద్దున తల్లీకూతుళ్ళు పోట్లాడుకున్నారు. లోవ ఐదో తెప్పకి మారిపోతానంది. ఎప్పుడు చూసినా నా మీదే నీ కళ్ళు, ఆ చూపు భరించలేను అంది. బంగారమ్మ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి సముద్రం లేచింది. అందర్నీ పడవలోకి ఎక్కించారు. లోవ ముందు ఎక్కింది. బంగారమ్మ నిచ్చెన మీద చివర. ఎడమచేత్తో నిచ్చెన పట్టుకుని ఉంది. లోవ పడవ అంచు మీదనుంచి వంగి చెయ్యి చాపింది.

"కుడిసెయ్యి ఇయ్యమ్మా అన్నాను. అరిసి అరిసి సెప్పాను. నా ముకంలోకే సూత్తంది. ఇయ్యలేదు మేడం. సెయ్యి లేపలేదు. అలా సూత్తానే ఉంది. అల ఒచ్చింది."

కోపం వచ్చి ఇవ్వలేదనుకుంది లోవ. పొద్దుటి మాటకి. అప్పట్నుంచీ అదే అనుకుంటూ ఉంది. తల్లి చూపు కింద నిలబడటానికి ఆ వరస అడిగి తీసుకున్నది అందుకు. క్షమించిందో లేదో చూసుకోవడానికి. నలభై ముఖాల్లోనూ రోజూ వెతుక్కుంటోంది.

జడ సగంలో ఉండగానే లేచింది. తోడు కట్టమంది. నేను కట్టాను. గది మధ్యలో నిలబడి, పైన పడవ అంచు మీద ఎవరో ఉన్నట్టు తలెత్తి చూస్తూ, కుడిచెయ్యి పైకెత్తింది.

చెయ్యి భుజం దాకా వచ్చింది. అక్కడ తోడు బిగుసుకుంది. లోవ బలంగా ఎత్తింది. అల్లిక కిర్రుమంది. చెయ్యి వణికింది, లేవలేదు. ఇంకోసారి. ఇంకోసారి. ఆ వేళ్ళు పైకి చాచి ఉన్నాయి, అందుకోవాలని. చెయ్యే రావడం లేదు.

"ఇక్కడిదాకానే ఒచ్చింది," అంది లోవ. "ఆ రోజు ఇక్కడిదాకానే ఒచ్చింది. నేను సూశాను. ఈ సేతి ఏళ్ళు కదిలాయి. నేను సూశాను."

తరవాత ఆ చెయ్యి దించింది. నెమ్మదిగా దించింది, వేరే మనిషి చేతిని దించినట్టు.

"సాలమ్మా," అంది. నాతో కాదు. "ఇంక దించీ."

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. తెప్ప కింద నీళ్ళు తగులుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

నమోదు 10
అదే రోజు రాత్రి పోటు. గాలి లేదు.

చెరిపేశాను.

చెరిపేముందు, సగంలో ఆగిన జడ పూర్తిచేస్తూ, లోవకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కదలిక చెరిపేస్తే తోడు ఖాళీ గుడ్డ. కొత్తగా నేర్చుకునేదాకా ఎవర్నీ మోయదు. రేపటినుంచి అదే ఎత్తు, ఉత్త చేతులు. కొక్కేలు దించకపోతే అందరి రెండో భుజం కూడా పోతుంది. దించాలంటే ఎవరో ఒకరు హాజరులో నొప్పి ఉందని చెప్పాలి. ఆ మనిషి పైకొండకి పోతుంది.

లోవ విన్నది. మీరు చెరపండి అంది.

షెడ్డులో తోడులు మేకులకు వరసగా వేలాడుతున్నాయి. మనుషులు లోపల లేకపోయినా అన్నీ ఒకేలా ఉండేవి ఎప్పుడూ. ఎడమవైపు కొంచెం దిగి, మెడ దగ్గర కొంచెం తిరిగి. ఎన్నాళ్ళనుంచో చూస్తూ అల్లిక బిగువు వల్ల అనుకున్నాను. మీట నొక్కాను. అన్నీ ఒక్కసారిగా వదులయ్యాయి. చిన్న చప్పుడు వచ్చింది. పొద్దంతా నిలబడిన మనిషి చివరికి ఎక్కడో కూర్చున్నట్టు.

వరహాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కనకం కట్టుకట్టిన చేత్తో దండం పెట్టబోయి, లేవక, కుడిచెయ్యి ఒక్కటే గుండెల మీద పెట్టుకుంది.

ఎవరూ ఎడమవైపు చూడలేదు. చూస్తారని నేను ఎదురు చూశాను.

లోవ వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళింది. ఏదో మాట్లాడింది. నేను దూరంగా ఉన్నాను. నేను దగ్గరికి వెళ్తే వాళ్ళు మానేస్తారని భయం.

నమోదు 11
ఆటు. ఎండ.

ఉదయం హాజరు. మెట్ల దగ్గర వరస. తోడు కట్టుకున్నారు కానీ ఎవరి నిలబడటం వాళ్ళదే. ఒకామె రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడింది. ఒకామె గోడకి ఆనుకుంది. వరసే వంకరగా ఉంది. ఇంతమంది వేరు వేరు మనుషులని నాకు ఇవాళే తెలిసింది.

జోగారావు గారు పుస్తకం తెరిచారు. మొదటి పేరు కనకానిది. పిలవబోతుంటే లోవ వరసలోంచి ముందుకు వచ్చింది. ఆమె జడ నేను వేసిందే, నిన్నటిది, కొంచెం వంకరగా.

"ముందు మా అమ్మ పేరు పిలండి బాబూ," అంది.

ఆవిడ పేరు తీసేశామని ఆయన మెల్లగా చెప్పారు. పిలవమని లోవ మళ్ళీ అంది. ఆయన నావైపు చూశారు. నేను తల దించుకోలేదు. తల దించుకోకుండా ఒక మనిషిని చూడటం నాకు కష్టం.

పుస్తకం చూడకుండానే, ఏళ్ళ అలవాటు మీద, మొదటి పేరుగా ఆయన నోటికి వచ్చేసింది.

"బంగారమ్మ."

"నొప్పి ఉంది," అంది లోవ. "కుడిబుజం. రాసుకోండి."

జోగారావు గారి పెన్ను కాగితానికి కొంచెం పైన ఆగి ఉంది.

"ఇప్పుడు నాది. లోవ. నొప్పి ఉంది. ఎడంబుజం."

పైకొండకి పోతావమ్మా, అన్నారాయన. హెచ్చరిస్తున్నట్టు లేదు. ఎవరికో వినపడకుండా చెబుతున్నట్టుంది.

అప్పుడు కనకం. "కనకం. నొప్పుంది బాబూ. ఎడంబుజం. కాలు జారలేదు." తరవాత వరహాలు. తరవాత పేరు పిలవకుండానే పక్కామె. తరవాత కొత్త అమ్మాయి, ఇంకా మన మాట సరిగ్గా రానిది, ఎడమభుజం మీద చెయ్యి వేసి చూపించింది. నొప్పి ఉంది, నొప్పి ఉంది అని వరస చివరిదాకా వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పగానే మెట్లు దిగిపోయేవాళ్ళు. ఈరోజు చెప్పి అక్కడే నిలబడ్డారు.

"పైకొండ బండిలో ఆరుగురే పడతారు," అంది కనకం. "మాకోసం పెద్ద పడవ తెప్పించాలి నువ్వు. అది కొండెక్కుద్దో లేదో మరి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస పొడుగునా పోయి ఆగింది.

పనికి దిగమని సైరన్ కూత వేసింది. ఎవరూ దిగలేదు. ఆటు తిరుగుతోంది, తాళ్ళు ఒక్కొక్కటే మునగడం మొదలుపెట్టాయి. తాళ్ళు మునిగితే ఈ పూట పిండి లేనట్టే. జోగారావు గారు నీళ్ళకేసి చూశారు, బోర్డుకేసి చూశారు, కొక్కేలకేసి చూశారు. వాటిని ఆయన అంతకు ముందు తలెత్తి చూసినట్టు నాకు గుర్తులేదు.

పెన్ను జేబులో పెట్టుకుని, పానా తెమ్మన్నారు.

మొదటి కొక్కెం దించేటప్పుడు ఎంత ఎత్తుకి అని నన్ను అడిగారు. నేను లోవని పిలిచాను. లోవ కొక్కెం కింద నిలబడి, రెండు చేతులూ నొప్పి పుట్టని చోటిదాకా ఎత్తింది. అక్కడ గుర్తు పెట్టాం. తరవాత కనకం. ఆమె గుర్తు ఇంకా కింద. నలభై కొక్కేలు నలభై ఎత్తుల్లో వస్తాయి. చూడటానికి బాగుండదు.

గుర్తులు పెడుతుండగా లోవ నన్ను అక్కా అంది. తనకి తెలియకుండా అన్నట్టుంది. నేను విననట్టు తరవాతి కొక్కెం దగ్గరికి నడిచాను.

పైకొండనుంచి ఎవరు వస్తారో, ఎవర్ని తీసుకుపోతారో తెలియదు. నన్ను కూడా పంపేయవచ్చు. హాజరు పుస్తకంలో నలభై మంది పేర్లకీ ఎదురుగా జోగారావు గారు నొప్పి ఉందని రాశారు. చివరికి పుస్తకం నా చేతికిచ్చి చూడమన్నారు. లోవ అడిగిన ఒక్కటి రాయలేదు. ఆ పేరుకి పుస్తకంలో గడి లేదన్నారు.

అందుకని ఇక్కడ రాస్తున్నాను.

బంగారమ్మ. ఏడో తెప్ప. కుడి భుజం. నొప్పి ఉంది.